బావమరిదికి గంట

కుదరదమ్మా. కుదరదంటే కుదరదు. నువ్వింకా ఆ స్కూటరుకు స్టాండు కూడా వెయ్యలేదు, అయినా ముందే చెప్తున్నా. గంట మోగదు.

ఎందుకొచ్చావో నాకు తెలీదా? తెల్లారి పార్లిన్ ఇంట్లోంచి ఆడవాళ్ళ ఏడుపు లేచినప్పుడే అనుకున్నా, ఇవాళ నా గడప తొక్కే మొదటి మనిషివి నువ్వేనని. సరే, వచ్చావు. కూర్చో. ఆ బల్ల మీద కాదు, దాని కాలొకటి కుంటి. ఇటు చాప మీద కూర్చో. కాఫీ ఉంది. చక్కెర నువ్వే వేసుకో.

 

చూడు పాస్టరమ్మా. మా కాలంలో పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య. పాటలు నేర్పేది, పిల్లల చేతిలో బెల్లంముక్క పెట్టేది. ఇప్పుడు నువ్వే పాస్టరువి, ఆ నల్లకోటు నువ్వే తొడుక్కుంటున్నావు. నేనేమైనా అన్నానా? అనలేదు. వచ్చిన మొదటి ఆదివారమే ప్రసంగం పావుగంటలో చుట్టేశావు, అప్పుడూ ఏమనలేదు. పెద్దల కూటంలో ఒక్క మాట అన్నాను, అంతే. దాన్ని నీ దాకా మోసుకొచ్చింది ఎవడో కూడా నాకు తెలుసు. వాడి సంగతి తర్వాత చూస్తా.

గంట సంగతి వేరు. అది నా మెడలో ఉంది. ఇదిగో, ఈ తాడుకున్న తాళంచెవి. స్నానానికి కూడా తియ్యను. ఊళ్ళో పిల్లలు నన్ను తాళంకప్ప తాత అంటారని తెలుసు నాకు. అననీ. తాళంకప్ప లేని ఇంట్లో ఏం మిగులుతుందో వాళ్ళకు పెద్దయ్యాక తెలుస్తుంది.

ఎవరికి మోగాలో, ఎవరికి మోగకూడదో రూల్సు పుస్తకంలో ఉంది. నాకు చదువు రాదు, కాదనను. కూడబలుక్కుంటాను. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని ఒకసారి నవ్వారు కూడా. ఆ నవ్వినవాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తే. కానీ రూల్సు పుస్తకం మాత్రం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా నోటికొచ్చు. ఒకరి చేత చదివించుకుని, దుక్కి దున్నుతూ వల్లెవేసి నేర్చుకున్నా.

సంఘంలో ఉన్నవాడు పోతే గంట. వెలిలో ఉన్నవాడు పోతే గంట లేదు, పాస్టరు ప్రార్థన లేదు. వెలిలో ఉన్నవాడు తిరిగి రావాలంటే ఆదివారం అందరి ముందూ నిలబడి, ఫలానా తప్పు చేశాను, క్షమించండి అని తన నోటితో చెప్పాలి. చెబితే ఆ రోజే చేర్చుకుంటాం. ఎంతసేపటి పని అది? పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది.

పార్లిన్ నిలబడ్డాడా? ముప్పై ఒక్క ఏళ్ళు. నిలబడలేదు. ఇప్పుడు పడుకున్నాడు. పడుకున్నవాణ్ణి నిలబెట్టడం నా తరమా, నీ తరమా?

ఏమిటీ? కృపా?

అదిగో, వచ్చింది. ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా.

కృప అంటే పందిరి మీద సొరకాయా, దారిన పోయేవాడల్లా తుంచుకుపోవడానికి? మరి నేనెందుకు, ఆ పుస్తకం ఎందుకు, ఆదివారం ఆదివారం ఆ బల్లలెందుకు? మనిషి ఏం చేసినా, చివరకు మంచం మీద కళ్ళు మూస్తే చాలు, పాస్టరు స్కూటరేసుకొచ్చి గంట కొట్టిస్తుందని తెలిస్తే, ఈ ఊళ్ళో బుద్ధిగా బతికేవాడు ఒక్కడుంటాడా?

దొంగా? సిలువ మీద పక్కన వేలాడినవాడా? చెప్తావనుకున్నా. వాడు నోరు విప్పి అడిగాడమ్మా. ప్రాణం పోతున్నా మెడ తిప్పి అడిగాడు. పార్లిన్‌కు ముప్పై ఒక్క ఏళ్ళు మెడ బాగానే ఉంది. తిప్పలేదు.

నా చేతి మీదుగా నలభై మంది దాకా వెలిలోకి వెళ్ళారు, తిరిగొచ్చారు. తాగొచ్చి అమ్మను కొట్టినవాడు. పక్కింటివాడి ఆలిని లేపుకుపోయినవాడు. ఆ కొండవాలు పిల్ల ఉంది చూడు, ఇప్పుడు చర్చిలో పూలు పెడుతుందే, ఆవిడే. పెళ్ళి కాకుండా బిడ్డను కంది. చంకలో ఆ బిడ్డతో అందరి ముందూ నిలబడి చెప్పింది. మాట పెగల్లేదు. వినపడట్లేదు, గట్టిగా చెప్పు అన్నాను నేను. నేనే అన్నాను. గట్టిగా చెప్పింది.

ఇవాళ పార్లిన్‌కు ఊరికే గంట కొట్టాననుకో, రేపు ఆవిడ వచ్చి నా ముందు నిలబడుతుంది. మరి నన్నెందుకు గట్టిగా చెప్పమన్నావు పెద్దయ్యా అని అడుగుతుంది. ఏం చెప్పాలి? దానికి జవాబు నీ సెమినరీలో నేర్పారా?

తాగు, కాఫీ చల్లారిపోతోంది.

చూశాను. నేనూ చూశాను, గుడ్డివాణ్ణి కాదు. మగాళ్ళంతా పార భుజాన వేసుకుని గట్ల మీద నిలబడి ఉన్నారు. చర్చి వైపే చూస్తున్నారు. గంట మోగితే గుంట తవ్వడానికి వస్తారు. మోగకపోతే ఎవరి పొలంలోకి వాళ్ళు దిగుతారు. అంతే. ఎవరూ ఏమీ అనరు. అతని కొడుకులు ఇద్దరే తవ్వుకోవాలి, ఊరి బయట, పంది దొడ్ల అవతల. రూలు అది. నేను రాసింది కాదు.

ఏమిటీ? ఎవరు ఫోను చేశారు? సౌర్మానా?

నీకు చేసిందా? నాకు చెయ్యలేదే!

కన్నతండ్రిని నేను. నాకు చెయ్యకుండా నీకు చేసిందా? ఏమంది? పొద్దున్నే బస్సెక్కిందా? సరే. మధ్యాహ్నం పడవలో దిగుతుంది. ఆఁ. పడవ సరస్సు నడుమకు వచ్చేసరికి గంట వినపడాలా? మామయ్య గంట వింటూ ఒడ్డుకు రావాలని ఉందా దానికి?

దాని మేనమామ మరి. దాని పెళ్ళికి భుజాల మీద శాలువా కప్పాల్సింది అతనే. చర్చి లోపల వెలిలో ఉన్నవాడు కప్పకూడదన్నాను. అయితే బయటే కప్పించుకుంటా అంది. పెళ్ళికొడుకును లోపల నిలబెట్టి, పట్టుచీర బురదలో ఈడ్చుకుంటూ బయటికి పోయి, కిటికీ కింద మేనమామ ముందు తల వంచింది. అందరూ చూశారు. ఆ రోజు నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో.

పగా? ఉంది. దాచను. నేను దాచే మనిషిని కాదు.

కాదు. అది అబద్ధం. దాచే మనిషినే.

నువ్వు మెదాన్ నగరంలో పుట్టి పెరిగినదానివి, ఇక్కడి ఇళ్ళ సంగతి నీకెంత తెలుసో నాకు తెలీదు. పార్లిన్ నా భార్య లామ్రియాకు సొంత తమ్ముడు. నాకంటే పదేళ్ళు చిన్న. బావా బావా అంటూ నా వెనకే తిరిగేవాడు. కానీ వయసెవరికి కావాలి? పెళ్ళాం పుట్టింటివాడు ఎంత చిన్నవాడైనా పెద్దవాడే. వాడి చేతి దీవెన లేకపోతే ఇంట్లో పిల్ల బతకదు, పంట పండదు అని పాలతో పాటు తాగాం మేమంతా. చర్చికి వెళ్తూనే తాగాం.

అందుకే వెలిలో ఉన్నా చేప తెచ్చేవాడు. ప్రతి కొత్త సంవత్సరానికీ. సరస్సులో పట్టిన పెద్ద చేప, పసుపూ అల్లం వేసి, ముక్కలు చెయ్యకుండా, పళ్ళెంలో ఈదుతున్నట్టే నిలబెట్టి, తల నా వైపు తిప్పి పెట్టేవాడు. తిను బావా, మీ ఇల్లు చల్లగా ఉండాలి అనేవాడు. నవ్వుతూ అనేవాడు! ఆ నవ్వు చూశావా, దానికే నాకు ఒళ్ళు మండేది.

వద్దనడానికి లేదు. పెళ్ళాం పుట్టింటి చేప వద్దంటే ఆచారం ఒప్పుకోదు. తింటే సంఘం రూలు ఒప్పుకోదు. ఒక చట్టం ఇటు లాగేది, ఒక చట్టం అటు లాగేది. తినేవాణ్ణి. ప్రతి ముద్దా గొంతులో ముల్లు పెట్టుకుని మింగినట్టే మింగేవాణ్ణి.

ఏం తప్పు చేశాడో నీకెవరూ చెప్పలేదా? పెద్దలంతా చెప్పే ఉంటారు. మంత్రగాడి దగ్గరికి వెళ్ళాడు. ఊట దగ్గర తెల్లకోడిని కోశాడు. పోయిన పెద్దల పేర్లు పిలిచాడు. ప్రభువును ఒప్పుకున్న నోటితో. ఆ కాలంలో దానికంటే పెద్ద తప్పు లేదు. కాఫీ కొట్టువాడు పొదల్లోంచి చూసి పెద్దల కూటానికి మోశాడు. అప్పటి పాస్టరు నిప్పులాంటి మనిషి. పార్లిన్‌ను పిలిపించాడు.

అవును, సౌర్మా కోసమే. నీకెలా తెలుసు? ఆఁ, మేనకోడలి కోసం అని ఊరంతా చెప్పుకుంటారు కదా.

ఆరేళ్ళ పిల్ల. పదకొండు రోజుల జ్వరం. పట్టణం నుంచి డాక్టరు వచ్చి చూసి తల ఆడించి పోయాడు. ఇంటిల్లిపాదీ ప్రార్థన చేశాం. సంఘమంతా చేసింది. మోకాళ్ళు దోక్కుపోయాయి నాకు. అంతకుముందు ఇద్దరు మగపిల్లలు. ఒకడు నెల బతికాడు, ఒకడు అదీ బతకలేదు. నా చేతులతోనే పూడ్చాను. వాళ్ళను పిలిచే వయసు రాకముందే పోయారు, అందుకే వాళ్ళ పేర్లతో నన్నెవరూ పిలవలేదు. సౌర్మా నిలబడింది. అప్పటినుంచి సౌర్మా నాన్న అయ్యాను. ఊళ్ళో నా సొంత పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటావు? పలికినవాళ్ళయితే అసలు లేరు. పిల్లను కన్నవాణ్ణి సొంత పేరుతో పిలిస్తే తిట్టినట్టు కదా మనకు.

ఆ పిల్ల పోతే నా పేరు కూడా దానితోనే గుంటలోకి పోతుంది. అర్థమవుతోందా? నీకు పిల్లల్లేరు. అర్థం కాదు. పోనీ, అవుతుందేమో. ఎందుకు కళ్ళు దించుకున్నావు? సరే, సరే. అన్నమాట వెనక్కి తీసుకున్నా. రాయి లాంటి నోరు నాది.

ఆ ఏడాదే నన్ను సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. కోటు కొత్తది. కుట్టినవాడి ఇస్త్రీ మడత కూడా పోలేదు.

ఏమిటి చూస్తున్నావు నా చేతుల్ని?

నలుపా? జిడ్డు. గంట తాడుకు ఉండే జిడ్డు.

అవును, వెళ్ళాను. పొద్దున ఏడుపు వినగానే వెళ్ళాను. తాళం తీశాను. తాడు పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు, కాళ్ళు తిమ్మిరెక్కాయి. లాగలేకపోయాను. రూలు అడ్డొచ్చిందని నాకు నేను చెప్పుకుంటూ నిలబడ్డాను. రూలు కాదు. రూలును ఏనాడైనా నేను మోశానేమో గానీ, అది నన్ను ఆపలేదు. ఆ తాడు పట్టుకుంటే అతని చెయ్యి పట్టుకున్నట్టుంది. గరుగ్గా. వలలు లాగి లాగి అతని అరచేతులు అలాగే ఉండేవి.

వదిలేసి వచ్చేశాను. తాళం వేశాను. పొద్దు నడినెత్తికెక్కి నువ్వొచ్చేవరకు ఇక్కడే కూర్చున్నా.

అడగకు. నన్ను అడక్కు. నువ్వు అడిగితే చెప్పను, నాకై నేను చెప్తా.

ఆ కోడి నాది.

మా పెరట్లో పెరిగింది. తెల్లకోడి, ఒక్క నల్ల ఈక లేనిది. కొండ మీది మంత్రగాడి దగ్గరికి మొదట వెళ్ళింది నేను. చీకట్లో, తుండు మొహానికి చుట్టుకుని. సంఘ పెద్దను! వాడు చెప్పాడు, కోడినీ దబ్బకాయ నీళ్ళనూ పిల్ల మేనమామ చేతి మీదుగా ఊట దగ్గర ఇవ్వాలి, తండ్రి చేతి మీదుగా ఇస్తే పనిచెయ్యదు అని. మేనమామ చెయ్యి! నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నా చెయ్యి అంటదు కదా అనుకున్నా.

పార్లిన్ వద్దన్నాడు. నిజం చెప్తున్నా, వద్దన్నాడు. బావా, ప్రార్థన చేశాం కదా, ఇంకా చేద్దాం అన్నాడు. నేను అతని కాళ్ళు పట్టుకున్నా. పదేళ్ళు చిన్నవాడి కాళ్ళు. పెళ్ళాం పుట్టింటివాడివి, నువ్వే మాకు దిక్కు, నీ చెయ్యి పడకపోతే పిల్ల పోతుంది అన్నా. ఆ మాట అన్నాక ఇక్కడ ఏ మేనమామ కాదనగలడు?

వెళ్ళాడు. చేశాడు. మర్నాడు పిల్లకు చెమట పట్టింది. మూడోనాడు గంజి అడిగింది.

దేవుడు బతికించాడా, కోడి బతికించిందా? నువ్వు దేవుడంటావు. నేనూ అదే అంటా, ఆదివారం. సోమవారం నుంచి శనివారం దాకా నన్నడగొద్దు. నా బిడ్డ బతుకు చూసి సంతోషపడటానికి కూడా లేకుండా పోయింది నాకు. దాన్ని ముద్దుపెట్టుకున్నప్పుడల్లా దబ్బకాయ వాసన వచ్చేది.

కూటంలో పాస్టరు అడిగాడు, ఎవరు పంపారు నిన్ను అని. పార్లిన్ నా వైపు చూశాడు. ఒక్కసారి. నేను... నేను నా కోటు గుండీ చూసుకుంటున్నా. సరిగ్గా పెట్టుకోలేదు, ఒకటి ఎక్కువొచ్చింది.

ఎవరూ పంపలేదు, మేనకోడలు కదా, నా అంతట నేనే వెళ్ళాను అన్నాడు.

ఆ ఆదివారం ప్రకటనలు చదివే వంతు నాది. కొత్త పెద్దను కదా. చదవడం రాదని చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. పాస్టరు చేత రెండుసార్లు చెప్పించుకుని, వల్లెవేసి, కాగితం చేత్తో పట్టుకుని, అతని పేరు అప్పజెప్పాను. గొంతు వణకలేదు. బాగా చదివావని మెచ్చుకున్నారు.

అవునమ్మా. ఆ రోజునుంచే నేను ఇంత గట్టిగా మారింది. ఎవడి తప్పు ఎక్కడున్నా ముక్కుతో పసిగట్టేవాణ్ణి. ఎదుటివాడి తప్పు మీద దీపం పెడితే మన మూల చీకటిగా ఉంటుంది కదా.

ఆగు. అయిపోలేదు. పగ సంగతి అడిగావు.

ఏడాది తిరిగాక పడవలో పోతుండగా అతన్ని అడిగాను. ఎందుకురా నిలబడవు, తప్పు చేశానని చెప్పి వచ్చెయ్ లోపలికి, నేనే చేర్పిస్తాను అన్నా. వల సర్దుతూ ఏమన్నాడో తెలుసా? బావా, నిలబడితే నిజం చెప్పాలి. కోడి ఎవరిది, ఎవరు పంపారు అన్నీ చెప్పాలి. అబద్ధం చెప్పి లోపలికి రాను, నిజం చెప్పి నిన్ను బయటికి పంపను. నాకు చర్చి కిటికీ కింద బాగానే ఉంది, పాటలు వినపడతాయి అన్నాడు.

అదీ మాట. అదీ నా పగ.

నోరు విప్పి ఉంటే ఏమయ్యేది? నన్నూ వెలివేసేవారు. నేనూ నిలబడేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, ఏడాదికో రెండేళ్ళకో ఇద్దరం లోపలికి వచ్చేవాళ్ళం. ఊరు మరిచిపోయేది. అలా చెయ్యనిచ్చాడా? నన్ను కాపాడి, ఆ కాపాడటాన్ని తీసుకొచ్చి నా నెత్తిన పెట్టి, దాని మీద తను కూర్చున్నాడు! ముప్పై ఒక్క ఏళ్ళు! అడిగానా? నన్ను క్షమించమని అతన్ని నేను అడిగానా? అడగనివాణ్ణి క్షమించే హక్కు ఎవరిచ్చారు వాడికి?

వద్దు. ఆ పోలిక తేవద్దు. నువ్వు నోరు తెరవక ముందే తెలుసు ఏ పోలిక తెస్తావో. ఒకరి బదులు ఒకరు మొయ్యడం అంటావు. ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఆ ప్రసంగం వింటూ ముందు బల్ల మీద కూర్చున్నవాణ్ణి నేను. అందరూ ప్రభువును తలుచుకుని ఏడిస్తే, నేను కిటికీలోంచి కనబడే పార్లిన్ టోపీని తలుచుకుని పళ్ళు కొరుక్కునేవాణ్ణి. ప్రభువు సంగతి నయం. ఆయన పైన ఉన్నాడు. వీడు రోజూ ఎదురొస్తాడే!

వెలిలో ఉన్నా లోపలికొచ్చి వెనక బల్ల మీద కూర్చోవచ్చు, రూలు అడ్డురాదు. రాలేదు. ఎందుకో తెలుసా? ప్రభుబల్ల రోజున రొట్టె పళ్ళెం మోసేది నేను. వెనక బల్ల దాకా వచ్చి, అతనికి పెట్టకుండా దాటిపోవాలి. ఆ పని నా చేత చేయించడం ఇష్టం లేక కిటికీ కింద రాయి మీద కూర్చున్నాడు. అదీ నా కోసమే. చూశావా, ఎటు తిరిగినా నా కోసమే!

లామ్రియాకు తెలుసు. ఎలా తెలీదు, కోడి గూట్లో లేనిది ముందు చూసేది ఆడదే కదా. తమ్ముడు ఒట్టు పెట్టించుకున్నాడని నోరు మెదపలేదు. కానీ ఆ ఆదివారం నుంచి ఆడవాళ్ళ వైపు కిటికీ పక్క చోటు పట్టింది. గొంతు చించుకుని పాడేది. ఏమే, నీకు చెవుడా, అంత అరుపెందుకు అని ఒకసారి కసిరాను. బయట కూర్చున్నవాళ్ళకు వినపడొద్దా అంది. అంతే అంది. చచ్చేదాకా అలాగే పాడింది. ఆవిడ పోయినప్పుడు గంట కొట్టింది నేనే. గంట కొడుతూ కిందికి చూస్తే, రాయి పక్కన టోపీ తీసి నిలబడి ఉన్నాడు.

ఆవిడ పోయాక తొమ్మిదేళ్ళు ఆ కిటికీ పక్కన ఎవరూ పాడలేదు. అయినా వచ్చి కూర్చునేవాడు.

పోయిన ఆదివారం కూడా వచ్చాడు. దగ్గుతున్నాడు. చర్చి అయిపోయి బయటికి వస్తుంటే, బావా, వానొచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకున్నావా అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. అదే ఆఖరు. గొడుగు.

...

ఏడవట్లేదు. పొయ్యి పొగ.

లే. ఇలా చెయ్యి పట్టు. తాళంచెవి తీసుకో. మెడలో తాడు ముడి రావట్లేదు, కొయ్యి, ఆ కత్తి తీసుకుని కొయ్యి.

నేనా? నేను కొట్టకూడదు. ఇప్పుడు చెప్పేశాను కదా. దాచిన తప్పు బయటపడ్డ పెద్ద, ఆ క్షణం నుంచి కోటు వేసుకోకూడదు, రొట్టె పళ్ళెం ముట్టకూడదు, గంట తాడు పట్టకూడదు. పుస్తకంలో ఉంది. పొద్దున లాగి ఉంటే నా చేత్తో అయ్యేది. ఆ ముక్క కూడా పోగొట్టుకున్నా.

ఏమిటీ? ఇవాళ్టికి పోనిమ్మంటావా?

పోనివ్వను! నలభై మందికి వర్తించింది నాకెందుకు వర్తించదు? చంకన బిడ్డతో ఆ పిల్ల నిలబడింది. నా చంకలో ఏముంది, నిలబడటానికి ఏం రోగం?

ఇంకో మాట విను. పంపినవాణ్ణి దాచి చేసిన వెలి చెల్లదు. సగం సాక్ష్యం మీద పడ్డ పేరు కొట్టేసి, తిరిగి రాసుకోవాలి. అదీ పుస్తకంలోనే ఉంది, చివరి అట్టకు నాలుగు ఆకుల ముందు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నాకు నోటికొచ్చు. అంటే పార్లిన్ సంఘంలోనే పోయినట్టు. కాబట్టి గంట రూలు ప్రకారమే మోగుతుంది. రాసుకో. నీ కృప ప్రకారం కాదు, రూలు ప్రకారం.

నవ్వకు. సరే, నవ్వు.

గంట కొట్టడం వచ్చా నీకు? ఏం నేర్పారమ్మా అక్కడ! విను. కాళ్ళు ఎడంగా పెట్టు. తాడును గట్టిగా గుంజకు, గుంజితే అది నిన్నే పైకి లేపేస్తుంది. ఒంటి బరువంతా దాని మీద వదిలి ఒక్కసారి దించు, తర్వాత చేతులు వదులు చెయ్యి. మళ్ళీ గుంజకు. మోగడం దాని పని. మోగి, తిరిగొచ్చి, తాడే నీ చేతిలోకి వస్తుంది. అప్పుడు రెండోది. మధ్యలో తొందరపడకు.

రేపు ఆదివారం ప్రకటనల్లో ముందు అతని పేరు చదువు, తర్వాత నాది. నా బాప్తిస్మం పేరు సిహోల్. సౌర్మా నాన్న అని చదవొద్దు, పిల్ల పేరు ఇందులోకి రాకూడదు. సిహోల్ అంటే ఎవరని జనం మొహమొహాలు చూసుకుంటారు. చూసుకోనీ. నేను లేచి నిలబడతా. వినపడట్లేదు గట్టిగా చెప్పు అని ఎవరైనా అంటే, వాళ్ళను ఆపకు.

వెళ్ళు, వెళ్ళు. అదిగో, సరస్సులో పడవ కనబడుతోంది. పిల్ల ముందు అంచు మీద నిలబడి ఉంటుంది, చిన్నప్పటినుంచి అంతే, చెప్తే వినదు.

నేను మెల్లగా వస్తాలే. లోపలికి కాదు. కిటికీ కింద రాయి ఖాళీయే కదా. దాని ఎత్తు తక్కువ, నా మోకాళ్ళు వంగవు, కూర్చున్నాక లేపడానికి మనిషి కావాలి. ఎవడొస్తాడు? వచ్చేవాడు ఒక్కడే ఉండేవాడు.

స్కూటరు వద్దు, నడిచే పో. బురద. జారుతుంది.